మా అమ్మ ఇచ్చిన వాంగ్మూలం

మా అమ్మ నోరు మూయించాలని చాలామంది చూశారు. ఒక సంతలో ఒకాయన ఆమె మీద పేడనీళ్లు పోశాడు. ఒక ఊళ్లో కుక్కను ఉసిగొలిపారు. ఇంకో ఊళ్లో పెద్దమనుషులు పిలిపించి, మళ్లీ ఇటు వస్తే బాగుండదని మర్యాదగానే చెప్పారు. గోదావరి జిల్లా కదా, మా దగ్గర బెదిరింపు చివర కూడా 'అండీ' ఉంటుంది. అమ్మ అందరికీ 'ఆయ్' అనేది, మర్నాడు ఆ పక్క వీధిలో కనబడేది. వాళ్లెవరివల్లా కాని పని చివరికి నేను చేశాను. కన్నకూతుర్ని. ఆరు నెలలు ఆమె నోరు మూయించాను.

రాజోలు చుట్టుపక్కల ఆమెను బైబిలమ్మ అనేవారు. తెల్ల నేతచీర, భుజానికి గుడ్డసంచీ, అరిగిన రబ్బరు చెప్పులు. జీతం లేని ఉద్యోగం. పొద్దున్నే వంట చేసి మూతపెట్టి కాలవగట్టు పట్టుకుని బయలుదేరేది. మలికిపురం వైపు కొబ్బరిపీచు పని చేసే ఆడవాళ్ల మధ్య కూర్చుని, తనూ పీచు దులుపుతూ యేసు ప్రభువు గురించి చెప్పేది. ఖాళీ చేతులతో దేవుడి మాట చెబితే ఎవరూ వినరనీ, పని ఎగ్గొట్టడానికి వచ్చిందనుకుంటారనీ ఆమె నమ్మకం. సాయంత్రం ఇంటికొచ్చేసరికి తల నిండా పీచు ఉండేది. చిన్నప్పుడు దాన్ని ఏరి పెట్టడం నా పని, నాకది మహా చిరాకు.

తెల్లవారుజామున నాలుగింటికి లేచి పైకి ప్రార్థన చేసేది. పైకి అంటే వీధి చివరిదాకా వినబడేటట్టు. అందులో రెండు వరసలు ఉండేవి. మొదటి వరసలో ప్రభువును నమ్ముకున్నవాళ్ల పేర్లు, రెండో వరసలో ఇంకా తెలుసుకోనివాళ్ల పేర్లు. రెండోది చాలా పొడుగు. కిరాణాకొట్టాయన, కరెంటు మీటరు చూసే మనిషి, మా బడి అటెండరు, ఆ ఏడాది ఎవరుంటే ఆ ముఖ్యమంత్రి, అందరూ అందులోనే. మా వీధిలో ఎవరూ అలారం కొనుక్కోలేదు.

తెలియనివాళ్ల కోసం ఒక సంగతి ఇక్కడే చెప్పాలి. మా పేటలో కాగితాల మీద ఒక్క క్రైస్తవుడూ లేడు. ఆదివారం చూస్తే చర్చిలో కూర్చోడానికి చాప దొరకదు. ఎస్సీ సర్టిఫికెట్టు ఉండాలంటే మతం దగ్గర హిందువు అని ఉండాలి. క్రైస్తవులమని రాయించుకున్న రోజున ఆ సర్టిఫికెట్టు పోతుంది, దాని వెనకే ఉద్యోగమూ పోతుంది. మా తాతలు పొలాల్లో పాలేర్లు. ఈ రోజు మా వాళ్లు టీచర్లు, నర్సులు, గుమాస్తాలు అయ్యారంటే చర్చివాళ్లు పెట్టిన బళ్ల చలవ కొంత, ఈ కాగితం చలవ కొంత. మతం మారినంత మాత్రాన మా పేటను ఎవరూ ఊరి మధ్యకి జరపలేదు. కాబట్టి ఈ ఏర్పాటును మాలో ఎవరమూ మోసం అనుకోలేదు. బడి రిజిస్టరులో ఒక పేరు, చర్చి రిజిస్టరులో ఒక పేరు. రెండు రిజిస్టర్లూ ఒకచోట కలవకుండా చూసుకోవడం మాకు ఉగ్గుపాలతో వచ్చిన విద్య.

నేను అందరికంటే జాగ్రత్త మనిషిని. నాకు చర్చి రిజిస్టరులో అసలు పేరే లేదు. నాన్న కొబ్బరి దింపులు తీసేవాడు. చెట్టెక్కే మనిషికి కింద ఏముందో చూసుకోవడం అలవాటు. ఉద్యోగం వచ్చాక బాప్తిస్మం తీసుకుందువుగాని అని ఆపాడు. ఉద్యోగం వచ్చింది. ప్రొబేషన్ అయ్యాక అనుకున్నాను. తర్వాత పెళ్లి, తర్వాత మావారు పోవడం, తర్వాత ప్రమోషన్. నాన్న కూడా పోయాడు, నేను మాత్రం అనుకుంటూనే ఉన్నాను. ఆదివారం చర్చిలో వెనక చాప మీద కూర్చునేదాన్ని, పాటలన్నీ కంఠతా వచ్చు, ఇంట్లో వాక్యం చదివేదాన్ని. అమ్మ ఏడాదికోసారి, క్రిస్మస్ వెళ్లిన మర్నాడు, "ఈ ఏడైనా తీసుకుంటావా అమ్మాయ్" అని అడిగేది. చూద్దాంలే అనేదాన్ని.

ప్రధానోపాధ్యాయుల ప్రమోషన్ల జాబితా బయటికి వచ్చిన నెలలోనే జిల్లా ఆఫీసుకి ఒక ఆకాశరామన్న అర్జీ వెళ్లింది. ఎవరు రాశారో స్టాఫ్‌రూమంతటికీ తెలుసు. జాబితాలో నా కింద ఉన్నాయన ఆ వారమంతా నన్ను అవసరం లేకపోయినా "మేడంగారూ" అని పిలుస్తూనే ఉన్నారు. నోటీసుతోపాటు అర్జీ నకలు కూడా ఇచ్చారు. రెండు పేజీల్లో నా గురించి ఉన్నవి నాలుగు ముక్కలు. మిగతా అంతా అమ్మ గురించే. ఫలానా టీచరు తల్లి ఊరూరా తిరిగి మతప్రచారం చేస్తోందనీ, తెల్లవారుజామున మైకు లేకుండానే వీధంతా వినబడేలా ప్రార్థిస్తోందనీ, ఇలాంటి ఇంటి మనిషి హిందూ ఎస్సీ ఎలా అవుతుందనీ. రాసినాయనకి భాష బాగా వచ్చు. తెలుగు పండితుడు మరి.

ఆ సాయంత్రం అమ్మ వసారాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. ఎదురుగా కూర్చుని అంతా చెప్పాను. విచారణ తేలేదాకా ఊళ్లకి వెళ్లొద్దన్నాను. పొద్దున్న ప్రార్థన పైకి చెయ్యొద్దన్నాను. ఎవరితోనూ దేవుడి మాట ఎత్తొద్దన్నాను. ఉద్యోగం పోవడంతో ఆగదనీ, దొంగ సర్టిఫికెట్టు కేసు పెడతారనీ, ఈ వయసులో కోర్టు చుట్టూ తిరగాలనీ భయపెట్టాను. నేనూ భయపడే ఉన్నాను కాబట్టి అదేమీ నటన కాదు. అమ్మ చేతిలో గింజను అటూ ఇటూ తిప్పింది.

"అబద్ధం ఆడమంటావా?" అంది.

"ఆడొద్దు. ఏమీ మాట్లాడకు, చాలు."

"అయితే మాట్లాడనులే. నీకోసం నోరు కట్టుకుంటాను. అబద్ధం మాత్రం ఆడనమ్మా, అది ముందే చెప్తున్నాను."

మర్నాటి నుంచి ఇల్లు సర్దడం మొదలుపెట్టాను. వాక్యాల క్యాలెండరు తీసేశాను. ముప్పై ఏళ్లుగా ప్రతి ఏడూ ఒకటే మేకుకి తగిలించడంతో దాని వెనక గోడ తెల్లగా, మిగతా గోడ పసుపురంగుగా తేలింది. ఎరువుల కొట్లో ఇచ్చిన లక్ష్మీదేవి క్యాలెండరు తెచ్చి అక్కడ పెట్టాను. అది చిన్నది. చుట్టూ నాలుగు వేళ్ల వెడల్పున తెల్లటి అంచు మిగిలింది. సున్నం వేయిద్దామంటే వీధివాళ్లు అడుగుతారు. అమ్మ సంచీని, పుస్తకాలను పాత ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేశాను. బడికి మాత్రమే పెట్టుకెళ్లే స్టిక్కరు బొట్టు ఇంట్లో కూడా పెట్టుకున్నాను. అమ్మ ఇవన్నీ మంచం మీద కూర్చుని, పొరుగింటి పెళ్లి సందడి చూస్తున్నట్టు చూసింది.

విచారణకి వచ్చిన వీఆర్వోగారు పక్క మండలం మనిషి. గేటు తీస్తూ అలవాటుగా "వందనాలండీ" అన్నారు. నేనూ అలవాటుగా చేతులు జోడించి "వందనాలండీ" అన్నాను. అది మా వాళ్లు చర్చి గుమ్మంలో ఒకరికొకరు చెప్పుకునే మాట. ఇద్దరమూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆయన దగ్గర కూడా నా సర్టిఫికెట్టులాంటిదే ఒకటి ఉందని నాకు అర్థమైంది. నాకు అర్థమైనట్టు ఆయనకీ అర్థమైంది. ఆయన గొంతు సవరించుకుని "నమస్కారమండీ" అని మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టారు. గోడ మీద తెల్ల అంచు చూశారు, చూడనట్టు ఏదో రాసుకున్నారు. అమ్మను రెండు ముక్కలు అడగాలన్నారు. ఆమెకి ఒంట్లో బాగాలేదనీ, మాట సరిగా రావడం లేదనీ నేనే చెప్పేశాను. అమ్మ నా వైపు చూసింది. ఇచ్చిన మాట ప్రకారం ఏమీ అనలేదు. అబద్ధం ఆమె ఆడలేదు, నేను ఆడాను. ఆయన కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయారు.

అలాంటి విచారణలు ఎక్కినంత తేలిగ్గా దిగవు. ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకి కాగితం కదలడానికే నెలలు పట్టింది. అమ్మ అదే వేళకి లేచేది. గోడకి ఆనుకుని కూర్చునేది. పెదవులు కదిలేవి. చప్పుడు ఉండేది కాదు. పక్క గదిలో నేను మెలకువగా పడుకుని, చప్పుడు లేకపోవడాన్ని వినేదాన్ని. వారం తిరక్కుండా కిరాణాకొట్టాయన నన్ను ఆపి, అమ్మగారికి ఒంట్లో బాగోలేదా, పొద్దున్న వినబడ్డం లేదు, కొట్టు తీయడం ఆలస్యమైపోతోందన్నాడు. ఆయన రెండో వరసలో మనిషి. నవ్వి ముందుకి నడిచాను.

పగలంతా ఆమెకి ఏం చెయ్యాలో తోచేది కాదు. ఏరిన బియ్యమే మళ్లీ ఏరేది. వాకిట్లోంచి ఎవరైనా పలకరిస్తే తలూపేది. ఆమె మాట్లాడే మాటల్లో దేవుడు లేని మాటలు ఎన్ని తక్కువో నాకు అప్పుడే తెలిసింది. కూర బాగుందా అంటే కూడా "దేవుడి దయవల్ల" అనే మనిషి. అవి తీసేస్తే మిగిలింది ఏమీ లేదు. నెల రోజుల్లో వదులు గాజు జారినట్టు ఆమె భుజం మీంచి రవిక జారింది, అంత చిక్కింది.

నాలుగో నెలలో కాలవ అవతలి పెద్ద రైతుగారి కోడలు స్కూటీ మీద మా ఇంటికి వచ్చింది. ఆ ఇంటివాళ్లు మా పేటలోకి రావడం అదే మొదలు. ఆమె అత్తగారికి కడుపులో కాన్సరు, హైదరాబాదు నుంచి ఇక లాభం లేదని ఇంటికి పంపేశారు. ఆవిడకి అమ్మ తెలుసు. ఇరవై ఏళ్లుగా, మగవాళ్లు తోటలకి వెళ్లిన వేళ చూసి, అమ్మను దొడ్డిగుమ్మం వైపు రప్పించుకుని ప్రార్థన చేయించుకునేది. ఒక్కసారి కూడా వీధిగుమ్మం నుంచి పిలవలేదు. అమ్మా ఒక్కసారి కూడా అందుకు బాధపడలేదు.

"మూడు రోజుల్నించి బైబిలమ్మగారు బైబిలమ్మగారు అని అడుగుతున్నారండీ. ఒక్కసారి పంపండి మేడంగారూ" అంది కోడలు.

ఆ ఇంటికీ మా స్టాఫ్‌రూము పండితుడికీ చుట్టరికం ఉంది. ఒక్క ఫోన్లో ఒక్క ఫొటో తీస్తే చాలు. ఇప్పుడు కుదరదండీ, విచారణ అయిపోయాక పంపుతానన్నాను. ఆ అమ్మాయి నమ్మలేనట్టు చూసింది. అప్పటిదాకా ఆగే ప్రాణం కాదు కదా అత్తగారిది. వెనక నుంచి అమ్మ అంది, "మాట్లాడను. ఊరికే కూర్చుని వచ్చేస్తాను. కూర్చోడం కూడా మతప్రచారమేనా అమ్మాయ్?"

సరేనన్నాను, షరతులతో. తెల్లచీర వద్దు, సంచీ వద్దు. నా ఆకుపచ్చ పువ్వుల చీర కట్టుకోమన్నాను. నేను కూడా వస్తానన్నాను. తోడు రావడం కాదది, కాపలా. ఆ చీరలో అమ్మ ఎవరో పరాయి ముసలావిడలా ఉంది. దారిలో ఇద్దరు ముగ్గురు ఆమెను పోల్చుకోలేదు. నాకు మంచిదే అనిపించింది.

ఆ రోజూ దొడ్డిగుమ్మం నుంచే వెళ్లాం. వెనక గదిలో మంచం మీద ఆవిడ దుప్పటి కింద ఉందో లేదో అన్నట్టు ఉంది. ముందు హాల్లో మగవాళ్లు ఉన్నారు, టీవీలో వార్తలు వినబడుతున్నాయి. అమ్మ మంచం పక్కన నేల మీద కూర్చోబోతే కోడలు స్టూలు వేసింది. ఆవిడ కళ్లు తెరిచి, చీర చూసి తికమకపడి, మొహం చూసి నవ్వింది. ప్రార్థన చెయ్యమంది. అమ్మ తలెత్తి నా వైపు చూసింది. నేను గుమ్మంలో నిలబడి పెరట్లో కొబ్బరిడొక్కల పోగు వైపు చూస్తున్నాను. అటే చూస్తూ ఉండిపోయాను.

అమ్మ తన చెయ్యి ఆవిడ నుదుటి మీద పెట్టింది. పెదవులు గట్టిగా బిగించి ఉంచింది. ఆవిడ కాసేపు ఎదురుచూసింది. అమ్మ మాట్లాడదని తెలిశాక తనే మొదలుపెట్టింది. "యేసయ్యా" అంది. మెల్లగా కాదు, తనకి ఉన్న గొంతంతా పెట్టి. ఇరవై ఏళ్లుగా విన్న మాటలు, అమ్మ ఆగేచోటే ఆగుతూ, అమ్మ సాగదీసేచోటే సాగదీస్తూ. తన భర్త పేరు చెప్పింది, కొడుకు పేరు, కోడలి పేరు చెప్పింది. అమ్మ పేరు చెప్పింది. హాల్లో టీవీ ఎవరో ఆపారు. ఇల్లంతా వినేట్టు, ఇరవై ఏళ్లు దాచుకున్నదంతా బయటపెట్టి, ఆమెన్ అని కళ్లు మూసుకుంది. ఆవిడ భర్త హాలు గుమ్మం దాకా వచ్చి, లోపలికి రాకుండా నిలబడ్డారు. అమ్మ బుగ్గల మీంచి నీళ్లు కారి నా ఆకుపచ్చ చీర మీద పడ్డాయి.

తొమ్మిదో రోజున ఆవిడ పోయింది. వాళ్ల ఆచారం ప్రకారం దహనం చేశారు. దానికి ముందు ఒక్కసారి చూసి వస్తానని అమ్మ అడిగితే వద్దన్నాను. జనం ఉంటారు, ఫోన్లు ఉంటాయి. అమ్మ రెండోసారి అడగలేదు. ఆ వద్దన్న మాట గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే చెయ్యెత్తాలనిపిస్తుంది.

ఆరో నెలలో అమలాపురంలో హియరింగు పెట్టారు. తల్లిని కూడా తీసుకురావాలని నోటీసులో ఉంది. తెల్లచీరే కట్టుకుంటానంది అమ్మ. అప్పటికి నాకు వాదించే ఓపిక లేదు. అడిగితే చెవి సరిగా వినబడదని తలూపు, మిగతాది నేను చూసుకుంటానని బస్సులో చెప్పాను. కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

అధికారి నాకంటే బాగా చిన్నావిడ, మర్యాదస్తురాలు. అమ్మకి కుర్చీ వేయించింది. పక్కన టైపు చేసే ఆయన, తలుపు దగ్గర బిళ్లబంట్రోతు, ఇంకో మూల మా పండితుడు. అర్జీ ఆకాశరామన్నది అయినా ఆయన తగుదునమ్మా అని సాక్షిగా వచ్చారు. నన్ను అడిగినవాటికి నేను నేర్చుకున్న జవాబులు చెప్పాను. తర్వాత ఆవిడ అమ్మ వైపు తిరిగి, "అమ్మా, మీరు క్రైస్తవులా?" అని అడిగింది.

అమ్మ లేచి నిలబడింది. "ఆయ్, క్రైస్తవురాలినేనండీ" అంది.

ఇక ఆగలేదు. వేసవిలో కట్టేసిన కాలవకి లాకులు ఎత్తినట్టు వచ్చింది. తొలి చూలు బిడ్డ పోతే కాలవలో దూకబోయిందట, ఆస్పత్రి నర్సు ఒకామె పొద్దంతా పక్కన కూర్చుందట, ఆమె నోట మొదటిసారి యేసు మాట విందట. ఇవి నాకూ తెలియని సంగతులు. ప్రభువు తనకి ఏం చేశాడో చెప్పింది. పేడనీళ్లు పోసినప్పుడు ఎలా నిలబెట్టాడో చెప్పింది. ఆయన మీకూ ఉన్నాడమ్మా అని అధికారితో చెప్పింది, మీకూ నాయనా అని టైపు చేసే ఆయనతో చెప్పింది, పండితుడి వైపు తిరిగి తమరికీ ఉన్నాడండీ అని కూడా చెప్పింది. టైపు చప్పుడు ఎప్పుడో ఆగిపోయింది. నాకు వీపంతా చెమట. ఆ గదిలో, ఆ కాగితాల మధ్య, ఆమెను ఎవరూ ఆపలేదు. పావుగంట పట్టింది. చివర్లో అధికారి నీళ్లగ్లాసు ఆమె వైపు జరిపి, మెల్లగా అడిగింది, "మరి మీ అమ్మాయి?"

అమ్మ నా వైపు చూసింది. కోపంగా చూసి ఉంటే బాగుండేది.

"ఎంతమందికో చెప్పేనండీ. నా ఇంట్లో నా కూతురే నమ్మలేదండీ. బాప్తిస్మం తీసుకోలేదండీ, మా సంఘం పుస్తకంలో దాని పేరు లేదు, చూసుకోండి. నమ్ముకుని ఉంటే నన్ను నోరు మూసుకోమని అడగదు కదండీ."

టైపు మళ్లీ మొదలైంది. అమ్మ చెప్పింది చెప్పినట్టు కొట్టి, చదివి వినిపించి, సంతకం పెట్టించుకున్నారు. ఆమె పెద్ద పెద్ద అక్షరాలతో తన పేరు పూర్తిగా రాసింది. నాకు ముందు వచ్చింది ఊరట. నా ఉద్యోగం నిలబడిందని ఆ క్షణంలోనే తెలిసిపోయింది. సిగ్గు తర్వాత వచ్చింది. ఆ వరసను మార్చి రాయలేను.

తిరుగు బస్సులో చాలాదూరం వచ్చాక అడిగాను. "అమ్మా, అది నా కోసం అన్నావా, నిజంగానే అన్నావా?"

"అబద్ధం ఆడనని ముందే చెప్పేను కదమ్మా" అంది.

నాలుగు రోజులు ఆమెతో మాట్లాడలేదు. నాకు కోపం. ఎవరి మీదో తెలియని కోపం దగ్గరున్నవాళ్ల మీదే తీరుతుంది. అమ్మ మాత్రం అన్నం వడ్డించి, నేను తినేదాకా ఎదురుగా కూర్చునేది.

ఫిర్యాదులో నిజం లేదని నెల తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. పండితుడే ముందుగా మిఠాయి పొట్లంతో వచ్చి అభినందించారు. నేను ప్రధానోపాధ్యాయురాలినయ్యాను. ఉత్తర్వు అమ్మకి చూపించి, ఇక నీ ఇష్టం, వెళ్లొచ్చు, చెప్పుకోవచ్చన్నాను. ట్రంకుపెట్టె తాళం ఇచ్చాను. సంచీ తీసి దులుపుకుంది. కానీ మోకాళ్లు వంగడం మానేశాయి, వీధి చివరిదాకా నడిస్తే ఆయాసం. ఆరు నెలలు కూర్చున్న మనిషి మళ్లీ లేవలేకపోయింది. మలికిపురం వైపు పీచుపనివాళ్లు రెండుసార్లు కబురు పెట్టారు. వెళ్లలేకపోయింది.

తెల్లవారుజాము ప్రార్థన మాత్రం మళ్లీ పైకి మొదలైంది. మొదటి రోజున నేను పక్క గదిలో ఊపిరి బిగబట్టి విన్నాను. పూర్వం మొదటి వరసలో అందరికంటే ముందు నా పేరే ఉండేది. ఆ రోజు మొదటి వరస అయిపోయింది, నా పేరు రాలేదు. రెండో వరసలో వచ్చింది. కిరాణాకొట్టాయన తర్వాత, వీఆర్వోగారికి ముందు. అమ్మ గొంతులో ఎత్తిపొడుపు ఏమీ లేదు. నా పేరు దగ్గర మిగతావాళ్ల కంటే ఎక్కువసేపు ఆగింది, అంతే. పోయేదాకా రోజూ అక్కడే ఆగింది.

ఆ ఏడు వానాకాలంలో, మూడు రోజుల జ్వరంతో అమ్మ పోయింది. చివరి రోజున కళ్లు తెరిచి, నన్ను చూసి ఏదో అడగబోయింది. ఏం అడగబోయిందో నాకు తెలుసు. చూద్దాంలే అనడానికి కూడా నాకు నోరు రాలేదు.

ఆమెను మా పేట శ్మశానంలో వానలోనే సమాధి చేశాం. పదో రోజున ఇంటి ముందు టెంటు వేసి ప్రార్థన కూడిక పెట్టారు. మా బడి టీచర్లు వచ్చారు, పండితుడితో సహా. పీచుపనివాళ్లు ఆటో మాట్లాడుకుని వచ్చారు. కాలవ అవతలి రైతుగారు తెల్ల పంచెతో వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. పాస్టరుగారు వాక్యం చెప్పి, మైకు నాకు ఇచ్చారు. మా వాళ్లలో పోయినవాళ్ల తరఫున ఇంటి మనిషి లేచి సాక్ష్యం చెప్పాలి. దేవుడు ఆ మనిషిలో ఏం చేశాడో, తన నమ్మకం ఏమిటో నలుగురి ముందూ చెప్పాలి. అది ఆచారం. చదువురాని వాళ్లు కూడా రెండు ముక్కలు చెప్పి ఏడ్చి కూర్చుంటారు.

నేను ముప్పై ఏళ్లు పాఠం చెప్పినదాన్ని, మైకు నాకు కొత్త కాదు. నిలబడ్డాను. చెప్పాలనుకున్న మాట గొంతు దాకా వచ్చింది. నాకు యేసు కావాలనీ, ఎప్పుడూ కావలసే ఉందనీ, మా అమ్మ తప్పు చెప్పిందో నిజం చెప్పిందో నాకే తెలియదనీ. నాలుగో వరసలో ఎవరో ఫోన్ పైకెత్తి వీడియో తీస్తున్నారు. అది మా చుట్టాలమ్మాయే కావచ్చు. "మా అమ్మ చాలా కష్టపడి నన్ను చదివించింది. వానలో శ్రమపడి వచ్చిన పెద్దలందరికీ ధన్యవాదాలు. భోజనం చేసి వెళ్లండి" అని చెప్పి కూర్చున్నాను. తర్వాత పాస్టరుగారు పాట ఎత్తుకున్నారు.

నా సర్వీసు ఇంకో రెండేళ్లు ఉంది. తర్వాత పింఛను కాగితాలు ఉంటాయి, వాటికీ పాత సర్టిఫికెట్లన్నీ చూస్తారని అంటారు. ఇది చదివేవాళ్లు ఇందులో ఎవరికీ పేరు లేదేమిటని అడగొచ్చు. నా పేరు లేదు, బడి పేరు లేదు, మా ఊరి పేరు లేదు. ఇవి లేకపోతే నష్టం లేదు. కానీ ఎండలో వానలో తిరిగి, ఎవరు అడిగినా తన పేరూ తన దేవుడి పేరూ దాచుకోని మనిషి గురించి రాస్తున్నాను. మొదటి పేజీలో అమ్మ పేరు రాశాను. మర్నాడు పొద్దున్న బడికి వెళ్లేముందు కొట్టేశాను.